విరిగిన క్రాంక్‌షాఫ్టు నుంచి పుట్టిన నిశ్శబ్దం

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును చూడకుండా రారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. కారు చేతికి రాకముందే 1911లో ఆయన పోయారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. మా పక్కింటి అమ్మాయి డిగ్రీ చదువుతోంది. సెలవుల్లో దాన్ని చూసొచ్చి నన్నో ప్రశ్న అడిగింది. "అంకుల్, రోల్స్ రాయిస్ ఇంజన్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో పక్కన నిలబడ్డవాడికి కూడా తెలిసేది కాదంటారు. వందేళ్ళ కిందట అదెలా సాధ్యం?"

ఎంత మంచి ప్రశ్న! చాలామంది ఆ కారు ధర అడుగుతారు, లోపలి తోలు, చెక్కపని గురించి అడుగుతారు. ఈ అమ్మాయి అసలు విషయం పట్టుకుంది. తోలు, చెక్క ఎవరైనా వేయించుకోవచ్చు. ఆ కంపెనీని నిలబెట్టింది ఇంజన్‌లోని ఒక ఇనుప కడ్డీ. ఇంకా చెప్పాలంటే, ఆ కడ్డీ విరగడం.

కథ మొదలు తొందరగా చెప్పేస్తాను, ఎలాగూ అందరూ చెప్పేదే. హెన్రీ రాయిస్ 1863లో ఓ పిండిమర నడిపేవాడి ఇంట్లో పుట్టాడు. పెద్దగా చదువుకోలేదు. రైల్వే వర్క్‌షాప్‌లో పని నేర్చుకున్నాడు, తర్వాత మాంచెస్టర్‌లో ఎలక్ట్రిక్ క్రేన్లు తయారు చేశాడు. ఓ ఫ్రెంచ్ కారు కొనుక్కుని, అది నచ్చక 1904లో తనే రెండు సిలిండర్ల కారు కట్టాడు. చార్లెస్ రోల్స్ జమీందారీ కుటుంబంవాడు, కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివి లండన్‌లో కార్లు అమ్మేవాడు. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్లో ఇద్దరూ కలిశారు. 1906లో కంపెనీ పెట్టారు. అంతే.

ఇప్పుడు ఇంజన్‌లోకి వెళ్దాం.

పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను గుండ్రటి తిరుగుడుగా మార్చేది క్రాంక్‌షాఫ్టు. బరువైన పిస్టన్ పైకెగిరి ఆగి మళ్ళీ కిందికి దిగిన ప్రతిసారీ ఇంజన్ మొత్తాన్నీ కుదుపుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండు పైకెళ్తుంటే రెండు కిందికొస్తాయి కాబట్టి ఈ మొదటి రకం కుదుపు రద్దయిపోతుంది. కానీ ఇంకోటి మిగులుతుంది. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా వంగడం వల్ల పిస్టన్ తన దారిలో పై సగాన్ని వేగంగా, కింది సగాన్ని కాస్త నెమ్మదిగా దాటుతుంది. ఆ తేడా వల్ల క్రాంక్ ఒక చుట్టు తిరిగేసరికి రెండుసార్లు కొట్టే రెండో రకం కుదుపు పుడుతుంది. దాన్ని లెక్కగట్టడానికి క్రాంకు కోణాలను, అంటే షాఫ్టు మీద ఒక్కో పిస్టన్ ఏ దిక్కున తగులుకుందో చెప్పే డిగ్రీలను, రెట్టింపు చేస్తే చాలు. నాలుగు సిలిండర్ల కోణాలు 0, 180, 180, 0. రెట్టింపు చేస్తే 0, 360, 360, 0. అంటే నాలుగూ ఒకే దిక్కు! నాలుగు కుదుపులూ కలిసి ఒక్కసారే కొడతాయి. ఆరు సిలిండర్లలో జతలుగా 0, 120, 240 డిగ్రీలు. రెట్టింపు చేస్తే 0, 240, 480. 480 లోంచి 360 తీసేస్తే మళ్ళీ 120. అదే త్రికోణం! మూడు దిక్కుల్లో సమానంగా లాగితే ఏ దిక్కుకీ కదలదు. ఆరు సిలిండర్లను ఒకే వరసలో పెడితే రెండు రకాల కుదుపులూ మాయమవుతాయి. నాకు ఇంజనీరింగ్‌లో ఇంతకంటే అందమైన లెక్క కనపడలేదు.

అందుకే ఆ రోజుల్లో ఖరీదైన కార్లు తయారు చేసేవాళ్ళందరూ ఆరు సిలిండర్ల వెంటపడ్డారు. రాయిస్ కూడా 30 హార్స్‌పవర్ సిక్స్ చేశాడు. లెక్క ప్రకారం అది కదలకుండా ఉండాలి. కానీ కొన్ని కార్లలో క్రాంక్‌షాఫ్టు పుటుక్కున విరిగింది.

ఎందుకు విరిగిందో చెప్పాలంటే నన్ను మీరు బావి దగ్గరికి రానివ్వాలి. గిలక నుంచి తాడు వేలాడుతోంది, కొసన ఖాళీ చేద ఉంది. చేదను చేత్తో నాలుగు చుట్లు తిప్పి వదలండి. తాడు పురి విప్పుకుంటూ చేద కుడికి తిరుగుతుంది. పురి అయిపోయినా ఆగదు, అదే ఊపులో ఎదురు పురి ఎక్కించుకుంటుంది. ఒక క్షణం ఆగి ఎడమకు తిరుగుతుంది. ఇలా చాలాసేపు. తాడు పొడవును, మందాన్ని, చేద బరువును బట్టి ఈ ఆటకు తనదైన ఒక లయ ఉంటుంది.

క్రాంక్‌షాఫ్టు అచ్చం ఆ తాడే. ఉక్కు కదా, మెలిపడదు అనుకుంటాం. పడుతుంది. కంటికి కనపడనంత సన్నగా పడుతుంది. ఒక కొసన ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది, అది గిలకలాగా కదలని చోటు. రేడియేటర్ వైపున్న రెండో కొస చేద. సిలిండర్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ ఆ చేదకు ఒక తిప్పుడు తగులుతుంది. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకు మూడు మండుళ్ళు. నిమిషానికి 1500 చుట్లంటే సెకనుకు 25 చుట్లు, 75 తిప్పుళ్ళు. షాఫ్టు సొంత లయ కూడా సెకనుకు 75 అయితే ఏమవుతుంది? ప్రతి తిప్పుడూ సరిగ్గా చేద తిరిగే వైపే పడుతుంది. మెలిక పెరుగుతూ పోతుంది. ముందు గడగడమని చప్పుడు, తర్వాత ఉక్కులో సన్నటి బీట, తర్వాత రెండు ముక్కలు. రెండు, నాలుగు సిలిండర్ల షాఫ్టు పొట్టిది కాబట్టి దాని లయ చాలా పైన ఉండేది, ఆనాటి ఇంజన్ ఆ వేగాన్ని అందుకునేదే కాదు. ఆరు సిలిండర్లకు తాడు పొడవైంది, లయ కిందికి దిగి ఇంజన్ నడిచే వేగానికి అందింది. పోటీ కంపెనీ నేపియర్ సిక్స్ కూడా ఇలాగే గడగడలాడేది. అక్కడి సేల్స్ పెద్ద దానికి 'పవర్ రాటిల్' అని పేరు పెట్టి గొప్పగా చెప్పుకున్నాడు. రాయిస్ మాత్రం ఆ చప్పుణ్ణి ఒప్పుకోలేదు.

మొదట తాడును కురచ చేశాడు. 30 హార్స్‌పవర్‌లో సిలిండర్లు రెండేసి చొప్పున మూడు పోతలుగా, అంటే కలిపి పోసిన మూడు దిమ్మెలుగా ఉండేవి. 1906 నాటి కొత్త 40/50 హార్స్‌పవర్ కారులో మూడేసి చొప్పున రెండు పోతలు చేశాడు. తర్వాత తాడును లావు చేశాడు. ఇక్కడే గణితం చేసే సాయం చూడండి. కడ్డీ మెలిపడకుండా నిలిచే బలం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 శాతం లావు చేస్తే 1.2 × 1.2 × 1.2 × 1.2, అంటే రెట్టింపు దాటుతుంది! వ్యాసం రెట్టింపు చేస్తే 16 రెట్లు.

ఇక మూడో ఉపాయం అన్నిటికంటే గొప్పది. ఈసారి చేదను సగం నీళ్ళతో నింపి తిప్పి వదలండి. చేద తిరుగుతుంది కానీ లోపలి నీళ్ళు వెంటనే తిరగవు. చేద గోడలు నీళ్ళను రాసుకుంటాయి. ఆ రాపిడిలో ఊపు ఖర్చయిపోయి ఆట త్వరగా ఆగిపోతుంది. రాయిస్ వాడిన 'స్లిప్పర్ ఫ్లైవీల్' ఈ నీళ్ళే. షాఫ్టు ముందు కొసన ఒక చిన్న చక్రం ఉంటుంది. అది గట్టిగా బిగించినది కాదు, స్ప్రింగుల ఒత్తిడితో రాపిడి మీద పట్టుకున్నది. షాఫ్టు ఒకే వేగంతో తిరిగినంతసేపు ఆ చక్రం కూడా బుద్ధిగా తిరుగుతుంది. షాఫ్టు మెలిపడి అటూ ఇటూ ఊగగానే చక్రం జారుతుంది. ఆ జారుడులో ఊగు వేడిగా మారిపోతుంది. ఇదే ఆలోచనకు బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1910లో పేటెంట్ తీసుకున్నాడు.

చేదను ఇంకొంచెంసేపు వదలను, ఎందుకంటే అసలు కిటుకు ఇంకా ఉంది. నీళ్ళు గడ్డకట్టి మంచయితే? చేదతో పాటే తిరుగుతుంది, రాపిడి ఉండదు, ఊగు ఆగదు. నీళ్ళు గోడల్ని అసలు తాకనట్టే జారిపోతే? అప్పుడూ ఆగదు. స్లిప్పర్‌ను మరీ బిగిస్తే మంచు, మరీ వదులు చేస్తే లేనట్టే లెక్క. రెండింటి మధ్య ఎక్కడో ఒక చోట రాపిడి సరిగ్గా కుదురుతుంది. దాన్ని కనిపెట్టడమే పనితనం.

1907లో 40/50 కార్లలో ఒకదానికి వెండి రంగు వేసి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టారు. వెండి దెయ్యం అన్నమాట, అంత చప్పుడు లేకుండా వచ్చేస్తుందని. దాన్ని రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో 15,000 మైళ్ళు నడిపారు. 629వ మైలు దగ్గర ఒకే ఒక్కసారి అనుకోకుండా ఆగింది. రోడ్డు కుదుపులకు పెట్రోలు కుళాయి దానంతటదే మూసుకుపోయిందట! ఆదివారాలు విశ్రాంతినిచ్చి మిగతా 14,371 మైళ్ళూ ఎక్కడా చెడిపోకుండా నడిచింది. చివర్లో విప్పి చూసి అరిగిన భాగాలు మార్చడానికి అయిన ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు. నడుస్తున్న ఇంజన్ మీద నాణెం నిలువుగా నిలబెట్టి చూపడం ఈ కార్లను ప్రేమించేవాళ్ళ ఆనవాయితీ.

మన ఇంటర్ ఫిజిక్స్‌లో అనునాదం (లయకు లయ కలిసి ఊపు పెరిగిపోవడం) పాఠం వచ్చినప్పుడల్లా వంతెన మీద కవాతు చేసే సైనికులే వస్తారు. వంతెన దాటే సైనికులను ఎంతమంది పిల్లలు చూశారు? ఇంటి ముందు నిలబెట్టిన కారు కింద అదే పాఠం రోజూ తిరుగుతోంది. పోయిన ఏడాది నా నాలుగు సిలిండర్ల డీజిల్ బండి గరగరమంటుంటే షెడ్డుకు తీసుకెళ్ళాను. మెకానిక్ ముందు వైపు క్రాంక్ పుల్లీ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. మధ్యలో ఇనుప బొడ్డు, చుట్టూ బరువైన ఇనుప కట్టు, రెండింటికీ నడుమ వేలెడు కూడా లేని నల్ల రబ్బరు పట్టీ. రబ్బరు పగిలి పొరలు లేచింది. "రబ్బరు పోయింది సార్, ఇంకొన్నాళ్ళు తిప్పితే క్రాంకే పోయేది" అన్నాడు. షాఫ్టు మెలికను ఆపే అదే ఉపాయం, రాయిస్ చక్రం పుట్టిన వందేళ్ళ తర్వాత, ధరలో నూరో వంతు లేని బండిలో, నా అరచేతిలో! కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తాం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అదే శ్రద్ధతో ఏడాదికోసారి ఆ రబ్బరు పట్టీని చూపించుకోమని మాత్రం అందరికీ చెబుతుంటాను.

మిగతా మోడళ్ళు గబగబా. 1910లో రోల్స్ విమాన ప్రమాదంలో 32 ఏళ్ళకే పోయాడు. బానెట్ మీది రెక్కల బొమ్మ 1911లో వచ్చింది, శిల్పి చార్లెస్ సైక్స్. సిల్వర్ ఘోస్ట్ తర్వాత 1925లో ఫాంటమ్. 1931లో బెంట్లీని కొన్నారు. 1933లో రాయిస్ పోయాడు. 1936 ఫాంటమ్ త్రీలో 12 సిలిండర్లు, ఒకే క్రాంకు మీద రెండు సిక్సులు కూర్చోబెట్టినట్టు. చుట్టుకు ఆరు మండుళ్ళు కాబట్టి తోపుల మధ్య ఖాళీయే తెలియదు. 1955లో సిల్వర్ క్లౌడ్. దాని గురించి 1958లో ఓ ప్రకటన వచ్చింది, 60 మైళ్ళ వేగంలో ఈ కారులో వినపడే పెద్ద చప్పుడు గడియారానిదే అని. 1965లో సిల్వర్ షాడో. 1971లో విమాన ఇంజన్ ఖర్చులు మోయలేక కంపెనీ దివాలా తీసింది, కార్ల విభాగం వేరుపడింది. 1998లో ఫ్యాక్టరీ ఫోక్స్‌వ్యాగన్‌కు, పేరు బీఎండబ్ల్యూకు దక్కాయి. 2003 నుంచి కార్లు ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో తయారవుతున్నాయి. రాజావారు కోపమొచ్చి ఈ కార్లతో చెత్త ఎత్తించారన్న కథ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఒకసారి ఆల్వార్ రాజు, ఒకసారి భరత్‌పూర్ రాజు, ఒకసారి మన నిజాం. రాజు మారినా కథలో అక్షరం మారదు. దాన్ని నమ్మకండి.

2020 నాటి కొత్త ఘోస్ట్‌లో ఇంకో వింత జరిగింది. చప్పుణ్ణి పీల్చే పదార్థం 100 కిలోలకు పైగా పెట్టేసరికి లోపల మరీ నిశ్శబ్దమై, కూర్చున్నవాళ్ళకు ఇబ్బందిగా అనిపించిందట. ఇంజనీర్లు మళ్ళీ పనిగట్టుకుని సన్నటి గుసగుసలాంటి ఒక స్వరాన్ని లోపల ఉండనిచ్చారు. 2023లో వచ్చిన స్పెక్టర్ ఎలక్ట్రిక్ కారు. పిస్టన్ లేదు, మండుడు లేదు, చేద లేదు. ఎలక్ట్రిక్ కారుకు చప్పుడూ వాసనా కుదుపూ ఉండవని, ఛార్జింగ్ చోట్లు వస్తే అది బాగా పనికొస్తుందని రోల్స్ 1900లోనే అన్నాడు.

పక్కింటి అమ్మాయికి ఇదంతా చెప్పాక, కొత్త పుల్లీ వేయించిన నా బండి స్టార్ట్ చేసి ఇంజన్ మీద ఐదు రూపాయల బిళ్ళ నిలబెట్టమన్నాను. నిలబెట్టింది. వెంటనే పడిపోయింది. "పుల్లీ కొత్తదే కదా అంకుల్?" అంది. పుల్లీ ఆపేది మెలికను. నాలుగు సిలిండర్ల రెండో కుదుపు దాని చేతిలో లేదు. కాగితం తీసుకుని 0, 180, 180, 0 అని రాసి, రెట్టింపు చేయమని పెన్ను ఆ అమ్మాయికి ఇచ్చాను.