స్వాతంత్ర్యం ఇస్తూ కోసుకున్న దీవులు

డియెగో గార్సియా పేరు మన పత్రికల్లో ఎప్పుడొచ్చినా అమెరికా బాంబర్ల వార్తల్లోనే వస్తుంది. ఆ దీవిలో ఒకప్పుడు మనుషులు కాపురాలు చేశారు. వాళ్లకో చర్చి, ఓ శ్మశానం, కొబ్బరి ఎండబెట్టే షెడ్లు ఉండేవి.

హిందూ మహాసముద్రం నడుమ ఉన్న చాగోస్ దీవుల్లో అది పెద్దది. కొబ్బరి తోటల్లో చాకిరీకి మడగాస్కర్, మొజాంబిక్‌ల నుంచి బానిసలను ఫ్రెంచివాళ్లు తెచ్చారు. 1814 పారిస్ సంధితో మారిషస్, దానితోపాటు చాగోస్ బ్రిటన్ పరమయ్యాయి. బానిసత్వం పోయాక మారిషస్ చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలను తరలించారు. కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. నేటికీ అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు.

వలస దేశాలకు స్వాతంత్ర్యం ఇచ్చేటప్పుడు వాటిని ముక్కలు చేయరాదని ఐక్యరాజ్యసమితి 1960లోనే తీర్మానించింది. అయినా అమెరికాకు చాగోస్‌లో సైనిక స్థావరం కావాలి, బ్రిటన్ ఇవ్వాలనుకుంది. 1965 సెప్టెంబర్ 23న బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ మారిషస్ నేత శివసాగర్ రామ్‌గులామ్‌తో విడిగా మాట్లాడారు. ఆయన్ని ఆశ చూపి భయపెట్టాలని ముందురోజే విల్సన్ కార్యదర్శి ఒక నోట్ రాసిచ్చారు. స్వాతంత్ర్యం రావచ్చన్నది ఆశ. చాగోస్ వదులుకోకపోతే రాదేమోనన్నది భయం. చెరలో ఉన్నవాడితో కుదుర్చుకున్న బేరాన్ని అంగీకారం అనడానికి నాకు మనసొప్పదు.

నవంబర్ 8న చాగోస్‌ను విడదీశారు. మారిషస్‌కు 30 లక్షల పౌండ్లు ముట్టాయి. బ్రిటన్‌కు అమెరికా నుంచి కొనే పొలారిస్ క్షిపణుల ఖర్చులో 1.4 కోట్ల డాలర్ల మినహాయింపు రహస్యంగా దక్కింది. 1968 మార్చి 12న మారిషస్ జెండా ఎగిరింది, చాగోస్ లేకుండా.

తర్వాత మనుషుల వంతు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్లను కాంట్రాక్టు కూలీలుగా లెక్కగట్టి, 1973 నాటికి సుమారు 1,500 మందిని మారిషస్, సీషెల్స్‌లకు తరలించారు. డియెగో గార్సియాలో వాళ్ల పెంపుడు కుక్కలను కొబ్బరి షెడ్డులో మూసి, వాహనాల పొగను గొట్టాలతో లోపలికి వదిలి చంపారు. తాను నాలుగు నెలల గర్భంతో ఓడెక్కాననీ, మారిషస్ చేరాక పుట్టిన బిడ్డ చనిపోయిందనీ ఓ చాగోస్ మహిళ 2018లో అంతర్జాతీయ న్యాయస్థానానికి చెప్పుకుంది. చదువు రాని ఆమె మాటలను వీడియోలో రికార్డు చేసి వినిపించారు.

2019 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో, ఆ విభజన చట్టవిరుద్ధమనీ, బ్రిటన్ వీలైనంత త్వరగా తప్పుకోవాలనీ తేల్చింది. మే 22న ఐరాస సర్వసభ్య సభ 116–6 ఓట్లతో బలపరిచింది.

సరిగ్గా ఆరేళ్లకు, 2025 మే 22న, దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందంపై సంతకాలు జరిగాయి. మారిషస్ తరఫున చేసింది శివసాగర్ కొడుకు, ప్రధాని నవీన్ రామ్‌గులామ్. ఆ ఒప్పందం ప్రకారం స్థావరం మాత్రం 99 ఏళ్ల లీజుపై బ్రిటన్ దగ్గరే ఉంటుంది. మిగతా దీవులకు తిరిగి వెళ్లే వీలుంటుంది గానీ డియెగో గార్సియాలో కాపురముండే వీలుండదు.

ఆ తెల్లవారుజామున, ఆ దీవిలోనే పుట్టిన ఇద్దరు మహిళల తరఫున లండన్ హైకోర్టు తలుపు తట్టారు. తమ ఊరి సంగతి తమను అడగలేదన్నది వాళ్ల మాట. మధ్యాహ్నం దాకా సంతకాలు ఆగాయి.