మోటార్లకు మీటర్ల వివాదం: మూలం 1999 నాటి అప్పులో

వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగిస్తారన్న మాట వినిపించినప్పుడల్లా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రైతుల్లో అలజడి మొదలవుతుంది. ఇటీవలి ఏళ్లలోనూ అదే జరిగింది. కాలువ నీరందని ఊళ్లలో వరి మడికైనా, బత్తాయి తోటకైనా బోరే దిక్కు కాబట్టి, స్టార్టర్ డబ్బా పక్కన మీటరు వస్తే దాని వెనకే బిల్లూ వస్తుందని రైతు అనుమానించడం సహజం. ఆ అనుమానం 1998-2000 మధ్య పుట్టింది.

అంతకు ముందు మీటరుతో పని లేకుండా, మోటారు హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింతని కట్టే శ్లాబు పద్ధతి ఉండేది. అసలు మలుపు ప్రపంచ బ్యాంకు రుణంతో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ సంస్కరణలకు దశలవారీగా 100 కోట్ల డాలర్లు ఇస్తామన్న బ్యాంకు, 1999 ఫిబ్రవరిలో 21 కోట్ల డాలర్ల తొలి విడతను మంజూరు చేసింది. అదే నెల 1న విద్యుత్ బోర్డు ఉత్పత్తి చూసే జెన్‌కో, సరఫరా చూసే ట్రాన్స్‌కోలుగా చీలింది. ఛార్జీలు నిర్ణయించే అధికారం కొత్తగా ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలికి వెళ్లింది.

ఈ సంస్కరణలు బ్యాంకు రుద్దినవి కావని, తమ సొంత నిర్ణయాలేనని నాటి ప్రభుత్వం వాదించింది. అందులో కొంత నిజముంది. బోర్డును విడగొట్టాలని రాష్ట్ర ప్రభుత్వమే నియమించిన హితేన్ భయ్యా కమిటీ 1995లోనే సిఫారసు చేసింది. కానీ కమిటీ నివేదిక ఉన్నంత మాత్రాన ప్రజలు దాన్ని తమదిగా అంగీకరించినట్టు కాదు. వోల్టేజీ చాలక మోటార్లు కాలిపోతుంటే, చందాలు వేసుకుని ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరు మీద మరమ్మతుకు తీసుకెళ్లే రైతును, కరెంటు ఎలా ఉండాలో ఆ రెండేళ్లలో ఎవరూ అడగలేదు. ఆయనకు సంస్కరణ అంటే తెలిసింది 2000లో పెరిగిన ఛార్జీలతోనే. ఆ ఏడాది ఆగస్టు 28న ఛార్జీల పెంపుకు నిరసనగా అసెంబ్లీకి బయలుదేరిన ప్రదర్శనపై బషీర్‌బాగ్‌లో పోలీసులు జరిపిన కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. బ్యాంకు ప్రకటించిన 100 కోట్ల డాలర్ల కార్యక్రమం తొలి విడతతోనే ఆగిపోయింది.

ఆ తర్వాత రెండేళ్లకు, 2002 సెప్టెంబరులో, అంతర్జాతీయ ద్రవ్యనిధి తన రుణ షరతుల మార్గదర్శకాలను సవరిస్తూ, అప్పు తీసుకునే దేశం సంస్కరణలను తనవిగా భావించకపోతే అవి నిలవవని అంగీకరించింది. ఇక్కడి పల్లెలు ఆ సంగతిని అప్పటికే రుజువు చేశాయి.

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలుపైనే చేశారు. ఉచిత కరెంటు ఇస్తున్న ఆ ప్రభుత్వానికే ప్రపంచ బ్యాంకు 2007లో మరో ఆర్థిక సంస్కరణల రుణం ఇచ్చింది. ప్రజాతీర్పు బలంగా ఉన్నచోట షరతులు సడలుతాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇటీవలి వివాదంలో షరతు విదేశీ బ్యాంకుది కాదు, కేంద్రానిది. 2021-22 నుంచి నాలుగేళ్లపాటు విద్యుత్ సంస్కరణలు అమలు చేసే రాష్ట్రాలకు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 0.5 శాతం మేర అదనపు అప్పుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. వ్యవసాయ కనెక్షన్లతో సహా మీటర్ల ద్వారా లెక్క తేలే వాడకం ఎంత ఉందన్నది అందులో ఒక కొలమానం. మీటర్లు పెట్టనందుకే రాష్ట్రం అప్పు కోల్పోయిందని నాటి తెలంగాణ ప్రభుత్వం చెప్పగా, మోటార్లకు మీటర్లు పెట్టాలని తాము ఒత్తిడి చేయలేదని కేంద్రం బదులిచ్చింది. 2022 మునుగోడు ఉపఎన్నికలో ఊరూరా ఇదే చర్చ నడిచింది.

మీటర్లు కావాలనేవారి వాదన ఒకటి కొట్టిపారేయదగింది కాదు: లెక్క లేకుండా సబ్సిడీ ఎంతో తేలదు, పంపిణీ నష్టాలను రైతు ఖాతాలో వేసే వీలు డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) మిగిలిపోతుంది. అయితే ఆ లెక్కను ఊళ్లకు కరెంటు తెచ్చే ఫీడరు లైను దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా తీయవచ్చు. మీటరు రైతు బోరు దగ్గరకే ఎందుకు రావాలో, అప్పు పత్రంలో ఏ షరతుకు ఒప్పుకుంటున్నారో సంతకానికి ముందే నియంత్రణ మండలి బహిరంగ విచారణలో ప్రభుత్వం చెప్పాలి. 1999లో అప్పుతోపాటే వచ్చిన ఆ వేదికలో రైతు సంఘాలు ఏటా మాట్లాడుతూనే ఉన్నాయి.