గాత్రం చదువుకోవాలనుకునే పిల్లలకు

కడప

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసి ఇంటింటా ఇంజనీరింగు సీట్ల మాటలు నడుస్తున్న ఈ రోజుల్లో, మీలో కొందరు పాటనే చదువుగా తీసుకుంటామని పట్టుబట్టి, ఏ కళాశాలలో చేరాలో చెప్పమని నన్ను అడిగారు. ఒక ఊరి పేరు చెప్పి ముగించవచ్చు గాని, దానివల్ల మీకు మేలు జరగదు. అక్కడ మీ గొంతును ఎవరు వింటారు, వారానికి ఎంతసేపు వింటారు అన్నది ముందుగా తెలుసుకోండి. ఫీజు, హాస్టలు, కళాశాల ప్రతిష్ఠ దాని తరువాతివే.

విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వేంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. దూరప్రాంతాల పిల్లలు తిండికీ బసకూ ఇబ్బంది పడుతూ ఆ ఊరు చేరింది అటువంటి గురువుల కోసమే. సినిమా గాయకులు ఘంటసాల గారు అక్కడికే వెళ్లి పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యులయ్యారు. సినిమా పాట పాడాలనుకునేవారికి శాస్త్రీయ సంగీతం ఎందుకని అడిగే పిల్లలు ఘంటసాల గారు పాడిన పద్యాలను ఒకసారి శ్రద్ధగా వినాలి. 1885లో మన జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన నాటకసమాజం వల్ల పద్యమంటే మన చెవికి ముందునుంచే పరిచయం ఉంది. రాగం తెలిసి పాడిన పద్యానికీ తెలియక పాడిన పద్యానికీ తేడాను మీరు ఇట్టే పట్టుకోగలరు.

ఇక తరగతి విషయం కొంచెం వివరంగా చెబుతాను. ఇరవై మంది కలిసి వర్ణం (సాధన కోసం నేర్పే ఒక రచన) పాడితే గది నిండుగా మోగుతుంది. అందులో ఒక అమ్మాయి గాంధారాన్ని, అంటే ‘గ’ స్వరాన్ని, ప్రతిసారీ కాస్త తక్కువగా పడుతున్నా పక్కవారికి తెలియదు, ఆమెకు అసలే తెలియదు, రెండేళ్లు గడిచేసరికి ఆ లోపమే ఆమెకు అలవాటై కూర్చుంటుంది. శ్రుతి, అంటే పాటంతటికీ ఆధారంగా పెట్టుకునే ‘స’ ఎత్తు, మాట ఇంకా ముఖ్యమైనది. హార్మోనియం మెట్ల లెక్కలో చెప్పాలంటే, సాధారణంగా మగపిల్లల గొంతు ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్యన, ఆడపిల్లల గొంతు నాలుగున్నర నుంచి ఆరు శ్రుతి మధ్యన సుఖంగా పలుకుతుంది. తరగతి సాగడం కోసం అందరినీ ఒకే శ్రుతిలో పాడిస్తే, కొందరు పైనున్న తారస్థాయిలో గొంతు బిగబట్టి అరుస్తారు, మరికొందరు కిందనున్న మంద్రస్థాయి అందక సాహిత్యాన్ని మింగేస్తారు. అందుచేత ఒక్కొక్కరి శ్రుతి నిర్ణయించి, వారంలో ఒకసారైనా విడిగా కూర్చోబెట్టి పాఠం వినే గురువు ఉన్న చిన్న కళాశాల, పెద్ద పేరున్న కిక్కిరిసిన కళాశాల కంటే మేలని నా గట్టి నమ్మకం. ఆరు నెలల్లో టీవీలో పాడిస్తామని ప్రకటించే కోర్సుల జోలికి మాత్రం వెళ్లకండి; మొదటి పాఠాలైన సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు మూడు కాలాలలో (మూడు వేగాలలో) నిలకడగా పలకడానికే అంతకు మించిన సమయం పడుతుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో గాత్రానికి నాలుగేళ్ల సర్టిఫికెట్టు, ఆపైన రెండేళ్ల డిప్లొమా ఉంటాయి. అవి విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీ వంటివి కావు. రేపు ఎం.ఏ. సంగీతంలో చేరాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా ఏ పట్టా చెల్లుతుందో చేరకముందే కార్యాలయంలో అడిగి రాయించుకోండి. ఉదయం, సాయంత్రం తరగతులు నడిచే చోట డిప్లొమాతో పాటు మామూలు డిగ్రీ కూడా చదువుకునే వీలుంటుంది. కళాశాల పేరులో లలితకళలు అన్న మాట ఉన్నంత మాత్రాన అక్కడ గాత్రం ఉంటుందనుకోవద్దు. కొన్నిచోట్ల చిత్రలేఖనం, శిల్పం మాత్రమే ఉంటాయి.

మనకు దగ్గరలో కర్నూలులో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. తిరుపతిలో దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది; ఆడపిల్లలకు 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కూడా అక్కడే ఉంది. చెన్నై వెళ్లగలిగినవారు 1936లో రుక్మిణీదేవి అరండేల్ స్థాపించిన సంగీత నృత్య సంస్థ కళాక్షేత్రను చూడవచ్చు. పాశ్చాత్య పద్ధతిలో గాత్రం, రికార్డింగు పని నేర్చుకోవాలనుకునేవారికి ఏ.ఆర్. రెహమాన్ 2008లో ప్రారంభించిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ కూడా చెన్నైలోనే ఉంది, కాని అక్కడి ఖర్చును ఇంట్లో పెద్దలతో ముందుగా లెక్క వేసుకోండి.

ఎక్కడ చేరినా తెలుగును వదలకండి. త్యాగయ్య, క్షేత్రయ్య, మన రాజంపేట పక్కనున్న తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య రాసిన భాషే మీ ఇంటి భాష. తమిళ, కన్నడ విద్యార్థులు అర్థం అడిగి తెలుసుకుని పాడవలసిన సాహిత్యం మీకు పుట్టుకతో వచ్చింది. అనంతపురం జిల్లా వారైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించారు, తిరుపతిలో అన్నమయ్య కీర్తనలను పరిష్కరించి ఎన్నింటికో స్వరం కట్టారు, 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి గౌరవం అందుకున్నారు. పదాన్ని ఎక్కడ విరిస్తే అర్థం చెడుతుందో తెలిసిన పండితుడు కాబట్టే ఆయన స్వరరచనలో మాట నలగదు. కీర్తన మొదలుపెట్టే ముందు ప్రతిపదార్థం చెప్పే గురువు దొరికితే మీరు అదృష్టవంతులు.

బతుకుతెరువు గురించి అమ్మానాన్నలు అడగడం న్యాయమే, విసుక్కోకండి. కచేరీల మీద మాత్రమే బతికేవారు తక్కువ. పాఠశాలలో, ఇంట్లో సంగీతం చెబుతూ పాడుకునేవారే ఎక్కువ. ఆకాశవాణి ఆడిషన్‌లో మీ పాట విని బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడు ఇస్తారు. మన కడప కేంద్రం 1963 నుంచి ఉంది. ఏ కళాశాల విద్యార్థులు ఆ ఆడిషన్‌లో నెగ్గుతున్నారో వాకబు చేస్తే అక్కడి బోధన మీకు చాలావరకు అర్థమవుతుంది. 18 నుంచి 25 ఏళ్ల లోపు యువకళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్ల పాటు ఇచ్చే స్కాలర్‌షిప్పు కూడా ఉంది, ప్రకటన కోసం చూస్తూ ఉండండి.

దరఖాస్తు పెట్టే ముందు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లి, ప్రిన్సిపాలు గారి అనుమతి అడిగి ఒక పూట తరగతి వెనుక కూర్చోండి. రెండో ఏడాది పిల్లలలో ఎవరినైనా ఒంటరిగా ఒక కీర్తన పాడమని వినయంగా అడగండి. శ్రుతి నిలుస్తోందా, తాళం తప్పితే గురువు ఆపి సరిదిద్దుతున్నారా, సరిదిద్దేటప్పుడు పిల్లలు భయపడుతున్నారా లేక మళ్లీ పాడుతున్నారా అని గమనించండి. చూసి వచ్చాక నాకు ఉత్తరం రాయండి, ఎవరు ఏ శ్రుతిలో పాడారో అందులో తప్పక రాయండి.

ఇట్లు
మీ క్షేమం కోరే పెద్దమ్మ