చేనులో చెవులపిల్లి, పంజరంలో కుందేలు

అనంతపురం, కడప పల్లెల్లో వేరుశనగ చేలకు అడ్డంపడి పరిగెత్తే జంతువును చెవులపిల్లి అంటారు. టౌనులో పంజరంలో పెట్టి అమ్మే తెల్లదాన్ని కుందేలు అంటారు. ఇంకొకరు రెండింటినీ కుందేలనే అంటారు. వాటి పిల్లలకైతే వేరే పేరే లేదు, ఏదైనా కుందేలు పిల్లే. ఇంగ్లిష్‌లో మాత్రం పెంపుడుది రాబిట్, దాని పిల్ల కిట్. చేనులోది హేర్, దాని పిల్ల లెవరెట్.

నిజంగానే ఇవి రెండు వేర్వేరు జంతువులు. మన చేలల్లో తిరిగేదాని శాస్త్రీయ నామం లీపస్ నైగ్రికాలిస్, మెడ వెనక నల్లగా ఉంటుంది. పెంపుడు కుందేలు పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. దానికి 44 క్రోమోజోములు, హేర్‌కు 48. ఈ రెండింటికీ కలిపి పిల్లలు పుట్టవు.

పిల్లల్ని చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. పెంపుడు కుందేలు నెల రోజులకు ఈనుతుంది. ఈనే ముందు తన పొట్ట మీది బొచ్చు తానే పీక్కుని పక్క వేస్తుంది. కొత్తగా పెంచేవాళ్లు అది చూసి ఏదో జబ్బు చేసిందనుకుంటారు. పుట్టిన పిల్లలకు బొచ్చుండదు, కళ్లు తెరవడానికి సుమారు పది రోజులు పడుతుంది. చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డిలో ఒళ్లు పట్టేంత గుంటలో పడుకుంటుంది. దాని కడుపులో పిల్లలు ఆరు వారాల దాకా పెరుగుతాయి, అందుకే ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి.

పిల్లల్ని వదిలి దూరంగా ఉండటం మాత్రం ఇద్దరు తల్లులకూ అలవాటే. తల్లి పక్కనే ఉంటే దాని వాసన పట్టుకుని నక్క వస్తుంది. అందుకే సాధారణంగా రోజుకు ఒకసారి వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. ఆ పాలలో ఆవుపాలకన్నా సుమారు మూడు రెట్లు కొవ్వు, ప్రోటీన్ ఉంటాయి కాబట్టి ఒక పూట తాగితే చాలు. ఇంట్లో పెంచేవాళ్లు పగలంతా తల్లి గూట్లోకి పోలేదని టెన్షన్ పడుతుంటారు. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే పాలు అందుతున్నట్టే.

చేనులో దొరికిన పిల్లల సంగతి వేరు, వాటి గురించే నా బాధ. గుంటక తోలేటప్పుడు సాలు పక్కన అరచేతిలో పట్టేంత పిల్ల కనిపిస్తుంది. చెవులు వీపుకు అదిమిపెట్టి, కళ్లు తెరుచుకునే ఉండి, ముట్టుకున్నా కదలదు. అయ్యో, తల్లి లేని బిడ్డ అని జాలిపడి ఇంటికి తెచ్చి ఆవుపాలు పడతారు. అవి దాని కడుపుకు సరిపడవు, భయం కూడా తోడై చాలా పిల్లలు బతకవు. ఆ పిల్ల కదలకుండా పడుకోవడమే దానికి రక్షణ. తల్లి చీకటి పడ్డాక పాలివ్వడానికి వస్తుంది. గుంటక కింద పడుతుందనుకుంటే దగ్గర్లోని గెనిమ (చేని గట్టు) మీద గడ్డిలో పెట్టి, కుక్కల్ని అటు రానీకుండా చూస్తే సరిపోతుంది. ఇంటికి తెచ్చి పెంచుకోవడానికి చట్టం కూడా ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెవులపిల్లిని పట్టడాన్నీ వేటాడటాన్నీ నిషేధించింది.