శవం కాదు, విప్పిన చొక్కా

"గాజుతొట్టిలోకి కోరీలు (కోరిడోరస్ అనే అడుగు చేపలు) తెచ్చి వారం కాలేదు, అడుగున ఎర్ర రొయ్య చచ్చి పడుంది. ఆ మీసాల చేపలే చంపాయా?" అని ఒక పాఠకురాలు ఫొటో పంపారు. పెద్దది చేసి చూశాను. లోపల కండ లేదు, గాజు కాగితంలా ఉంది. తలకీ పొట్టకీ మధ్య వీపు మీద చీలిక. చచ్చిన చెర్రీ రొయ్య ఉడికినట్టు గులాబీ రంగుకి తిరిగి మసకబారుతుంది. ఇది రొయ్య విడిచిన కుబుసమండీ! కోరీల మీద కేసు కొట్టేయొచ్చు.

కైటిన్‌, కాల్షియం కార్బొనేటు అనే సున్నం కలిసిన పెంకు సాగదు. ఒళ్లు పెరగాలంటే విప్పాల్సిందే. ముహూర్తం కంటికాడలో ఉంది: అక్కడి గ్రంథి వదిలే హార్మోను "ఇప్పుడే వద్దు" అని ఆపుతుంటుంది. అది తగ్గగానే వై-అవయవం అనే మరో గ్రంథి, పెంకు విడిపించే ఎక్డైసోన్ హార్మోను వదులుతుంది. పాత పెంకు కింద మెత్తటి కొత్తది పుడుతుంది, పాతదాంట్లోని సున్నం కొంత ఒంట్లోకి వెనక్కి వస్తుంది. తర్వాత నీళ్లు పీల్చి ఉబ్బితే వీపు అతుకు పగులుతుంది. ఒక్క ఉదుటున కాళ్లు, మీసాలు, కంటి పైపొర కూడా విడిచి రొయ్య బయటపడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

అమావాస్య, పౌర్ణమిలకి రొయ్యలు పెంకు విడుస్తాయని గోదావరి జిల్లాల చెరువుల రైతులు మేత తగ్గిస్తారు. మూఢనమ్మకమని నవ్వకండి, సముద్రపు రొయ్యల్లో చంద్రకళలతో ఈ లయకి ముడి ఉండటం శాస్త్రజ్ఞులూ గమనించారు. మీ గాజుతొట్టిలో మాత్రం వయసు, మేత, వెచ్చదనమే పంచాంగం.

కొత్త పెంకు గట్టిపడేదాకా రొయ్య నాచులో దాక్కుంటుంది. అడుగు చేపల్లో మంచీ చెడూ తేలేది అప్పుడే. కోరీ నోరు కిందికి తిరిగి ఉంటుంది. అది ఇసుక జల్లెడ పట్టుకునే రకం, వేటగాడు కాదు. కానీ 2 మిల్లీమీటర్ల రొయ్యపిల్ల మూతికి తగిలితే వదలదు. పిల్లలు దాక్కునేలా జావా మాస్ అనే నాచు గుబురుగా పెంచండి. ఓటోసింక్లస్‌తో బెంగ లేదు, ఆ చిన్న చేప పాచి గీక్కుని బతుకుతుంది. బోటియా లోచ్‌లా? నత్తను పెంకులోంచి లాగి తినే చేపజాతి అది, వద్దే వద్దు.

చేపకి తెల్లమచ్చలొచ్చాయని రాగి మందు పోయకండి. రొయ్య నెత్తుట్లో ఆక్సిజన్ మోసే హీమోసయనిన్‌లో ఉన్నది రాగే, అయినా నీళ్లలో కలిసిన రాగి దాన్ని చంపేస్తుంది. ఇంటి ఆర్వో నీళ్లు కూడా నేరుగా పోయొద్దు. ఖనిజాలు చాలావరకు వడకట్టేసిన ఆ నీళ్లలో కొత్త పెంకుకి సున్నమెక్కడిది?

ఆ కుబుసం తీసెయ్యకండి. విడిచిన రొయ్యో దాని పక్కింటిదో వచ్చి కొరుక్కు తింటుంది.