గురువు ముఖం ఎవరు గీయాలి?

2025 మేలో యూట్యూబర్ ధ్రువ్ రాఠీ సిక్కు యోధుడు బందా సింగ్ బహదూర్ మీద చేసిన వీడియోలో సిక్కు గురువుల్ని ఏఐతో కదిలించి చూపించాడు. గురుద్వారాలను నడిపే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ (ఎస్జీపీసీ) అభ్యంతరం చెప్పింది, వీడియో తీసేశాడు. గొడవ మాత్రం తీరలేదు. దీని సెగ యూట్యూబ్‌తో ఆగేది కాదు. విదేశాల్లో సిక్కు తల్లిదండ్రులు పిల్లల కోసం వేసుకునే పంజాబీ-ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలకూ తగులుతుంది.

ఆ పుస్తకాల అవసరం వేరు. పేజీలో పైన పంజాబీ లిపి గురుముఖి, కింద ఇంగ్లీషు. పై వరస తాతయ్య చదువుతాడు, గురుముఖి రాని అమ్మ కింది వరస చదువుతుంది. గురుముఖి మొదటి అక్షరం ఊడాకు ఊఠ్, అంటే ఒంటె. 'ఊడా, జూడా' అని పంజాబీల్లో ఓ మాట ఉంది: అక్షరమూ పోకూడదు, జుట్టుముడీ పోకూడదు. పొద్దున్నే పిల్లాడి జుట్టు దువ్వి, జూడా చుట్టి, పైన పట్కా (చిన్న తలగుడ్డ) కట్టే దృశ్యం ఒక్కటి చాలు, బడిలో 'నెత్తి మీద అదేంటి' అని అడిగితే వాడి దగ్గర జవాబుంటుంది. తలపాగా ఉందని బర్మింగ్‌హామ్‌లో ఓ బడి 1978లో పిల్లాణ్ణి చేర్చుకోకపోతే, ఆ కేసు 1983లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన లార్డ్స్ సభ దాకా వెళ్లి పిల్లాడి వైపే గెలిచింది.

ఆ పుస్తకాల్లో చిక్కల్లా గురువు బొమ్మ దగ్గరే.

నా లెక్కలో అసలు మలుపు ఏఐ కాదు, 1969. గురు నానక్ 500వ జయంతికి చిత్రకారుడు శోభా సింగ్ గీసిన బొమ్మ అది. తెల్లగడ్డం, అరమోడ్పు కళ్లు, ఆశీర్వదించే చెయ్యి. క్యాలెండర్లెక్కి ఇంటింటికీ చేరింది. మనకు ఎన్టీఆర్ ముఖమే కృష్ణుడైపోయినట్టు, అక్కడ ఆ ముఖమే నానక్ అయిపోయింది. అంతకుముందు గురువును గీయలేదా? 1733 నాటి జనమ్‌సాఖీ (నానక్ జీవిత కథలు) రాతప్రతి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆలంచంద్ రాజ్ గీసిన 57 బొమ్మలు అందులో ఉన్నాయి. ఒకరకంగా అదీ బొమ్మల కథల పుస్తకమే.

ఎస్జీపీసీ మాట సూటిగా ఉంటుంది: గురువంటే శబ్దం (పవిత్ర వాక్కు), రూపం కాదు, నటుడు వేషం కట్టకూడదు, యానిమేషనూ వద్దు. 2014లో వచ్చిన 'చార్ సాహిబ్‌జాదే' (గురు గోవింద్ సింగ్ నలుగురు కొడుకుల కథ) యానిమేషన్ సినిమా గురువును కదలని బొమ్మగానే ఉంచి ఎలాగో గట్టెక్కింది. నానక్ మీద తీసిన 'నానక్ షా ఫకీర్' సినిమాకు ఆ అదృష్టం లేదు. గురువు పాత్రను గ్రాఫిక్స్‌తో చూపించామని ఎంత చెప్పినా, 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు విడుదలకు ఒప్పుకున్నా, సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ నిర్మాతను పంథ్ (సిక్కు సమాజం) నుంచి వెలివేసింది.

అయితే స్వర్ణదేవాలయం ప్రాంగణంలోనే ఎస్జీపీసీ నడిపే సెంట్రల్ సిక్కు మ్యూజియం ఉంది. దాని గోడల నిండా గురువుల తైలవర్ణ చిత్రాలే. కుంచెతో గీసి కదలకుండా ఉంటే సరే, కదిలితేనే తప్పు అని అర్థం చేసుకోవాలేమో. మరి ఏఐతో గీయించి, కాగితం మీద కదలకుండా అచ్చేసిన బొమ్మ ఏ లెక్కలోకి వస్తుంది? పిల్లల పుస్తకం వేసే తల్లి ఇప్పుడు అడుగుతున్నది అదే. కొందరు గురువు ముఖం వదిలేసి పాదాలో, వెలుగో, పక్కన రబాబ్ (తంత్రీవాద్యం) వాయిస్తున్న నానక్ సహచరుడు మర్దానానో గీసి పేజీ తిప్పేస్తున్నారు.