‘షేమ్‌ఫుల్లీ’లో సిగ్గు ఎవరిది? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. పెళ్లి గురించి పది వాక్యాలు రాయమంటే, దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇలా రాస్తారు: “ది బ్రైడ్ లుక్డ్ ఎట్ ది గ్రూమ్ షేమ్‌ఫుల్లీ.” రాసినవాళ్ల మనసులో ఉన్నది తల వంచుకుని ఓరకంట చూస్తున్న పెళ్లికూతురు. ఇంగ్లిష్ తెలిసినవాడు చదివితే మాత్రం, ఆ పిల్ల ఏదో చూడరాని చూపు చూసిందనుకుంటాడు. ఒక్క మాటతో పెళ్లి చెడిపోతుంది.

అపోహ: షేమ్‌ఫుల్లీ అంటే సిగ్గుపడుతూ.

వాస్తవం: కాదు. సిగ్గుచేటుగా అని.

ఇందులో పిల్లల తప్పు తక్కువ. మన ‘సిగ్గు’ చాలా పెద్ద మాట. కొత్తవాళ్ల ముందు బిడియం, తప్పు చేసినప్పుడు లోపల గుచ్చుకునే బాధ, నలుగురిలో పోయిన మర్యాద, అన్నిటికీ అదే సరిపోతుంది. దానికి తోడు మన దగ్గర ‘శరం’ ఉంది గానీ, అదీ అంతే. “నాకు శరమైతాంది” అని పెళ్లికూతురూ అంటుంది, “సిగ్గు శరం లేదా” అని తిట్టేటప్పుడూ అదే వస్తుంది. ఇంగ్లిష్‌లో వీటికి వేర్వేరు మాటలు. బిడియమైతే ‘షైలీ’. తప్పు చేసి తల దించుకుంటే ‘షేమ్‌ఫేసెడ్‌లీ’. (ఈ మాటలో మొదట ముఖం లేదు. పాత రూపం ‘షేమ్‌ఫాస్ట్’, అంటే సిగ్గుకు కట్టుబడినవాడు. జనం నోట్లో నలిగి ‘ఫాస్ట్’ కాస్తా ‘ఫేస్’ అయింది.)

షేమ్‌ఫుల్లీకి మన దగ్గరున్న అసలైన జోడీ ‘ఇజ్జత్’ అనిపిస్తుంది నాకు. “ఇజ్జత్ తీసే పని చేసిండు” అంటాం. ఆ చేసినవాడు సిగ్గుపడ్డాడా లేదా అన్నది ఆ మాటలో లేదు. చూసినవాడు తీర్పు చెబుతున్నాడు, అంతే. షేమ్‌ఫుల్లీ కూడా చేసినవాడి మనసు గురించి చెప్పదు, చెప్పేవాడి తీర్పు చెబుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా తప్పులు సగం వాటంతటవే పోతాయి.

ఉదాహరణకు, ఒకబ్బాయి “హీ షేమ్‌ఫుల్లీ అడ్మిటెడ్ హిజ్ మిస్టేక్” అని రాశాడు. సిగ్గుపడుతూ తప్పు ఒప్పుకున్నాడని అతని ఉద్దేశం. చదివేవాళ్లకు మాత్రం ఒప్పుకోవడమే సిగ్గుమాలిన పని అన్నట్టు వినిపిస్తుంది. “హీ వాజ్ అషేమ్డ్, అండ్ హీ అడ్మిటెడ్ హిజ్ మిస్టేక్” అని రెండు ముక్కలుగా రాస్తే ఏ గొడవా లేదు.

అపోహ: షేమ్‌ఫుల్లీ, షేమ్‌లెస్‌లీ ఒకదానికొకటి వ్యతిరేకం.

వాస్తవం: ‘ఫుల్’ అంటే నిండుగా, ‘లెస్’ అంటే లేకుండా. కాబట్టి ఇది న్యాయంగా రావాల్సిన అనుమానమే. “గట్లెట్లయితది సార్, రెండూ తిట్లేనా?” అని అడుగుతారు. రెండూ తిట్లే. సిగ్గు నిండింది పనిలో, సిగ్గు లేనిది మనిషిలో. “హీ లైడ్ షేమ్‌లెస్‌లీ” అంటే అబద్ధమాడేటప్పుడు వాడి ముఖంలో బెరుకే లేదని. “హీ బిహేవ్డ్ షేమ్‌ఫుల్లీ” అంటే వాడి ముఖం ఎలా ఉన్నా, ఆ ప్రవర్తన తలవంపులు తెచ్చేదని.

ఇంకో తేడా ఉంది. షేమ్‌లెస్‌లీని మన మీద మనమే సరదాగా వేసుకోవచ్చు. విందులో మూడోసారి బగారన్నం పెట్టించుకుని “ఐ షేమ్‌లెస్‌లీ ఆస్క్డ్ ఫర్ మోర్” అంటే నవ్వుతారు. అక్కడ షేమ్‌ఫుల్లీ పెడితే నవ్వు పోయి నేరం ఒప్పుకున్నట్టు అవుతుంది.

అపోహ: వాక్యంలో ఎక్కడ పెట్టినా ఒకటే.

వాస్తవం: ఇక్కడే అసలు కథంతా ఉంది. కాజీపేట రోడ్డు మీద ఎవరో బండి మీది నుంచి పడ్డారనుకోండి. “షేమ్‌ఫుల్లీ, నోబడీ స్టాప్డ్ టు హెల్ప్.” మొదట్లో మాట, దాని వెనక కామా. ఒక్కరూ ఆగలేదు, అది సిగ్గుచేటు అని అర్థం. తెలుగులో “సిగ్గుచేటేమిటంటే” అని మొదలుపెట్టడం లాంటిది ఇది. ఇప్పుడా మాటను తీసుకెళ్లి చివర పెట్టండి, కామా తీసేయండి: “నోబడీ స్టాప్డ్ టు హెల్ప్ షేమ్‌ఫుల్లీ.” సిగ్గుమాలిన పద్ధతిలో సాయం చేయడానికి ఎవరూ ఆగలేదట! మాటలు అవే, అర్థం మాత్రం పరమ విచిత్రం.

చివర పెట్టకూడదని కాదు. “దే ట్రీటెడ్ ది ఓల్డ్ మ్యాన్ షేమ్‌ఫుల్లీ” చక్కని వాక్యం. అక్కడ మాట చెబుతున్నది చూసుకున్న తీరు గురించి. చేసిన తీరును తిట్టాలంటే క్రియ పక్కనో చివరనో ఉండాలి. జరిగిన మొత్తం సంగతిని తిట్టాలంటే ముందుకు రావాలి, కామాతో. బోర్డు మీద ఆ కామాను నేను ఎర్ర చాక్‌పీసుతో రాస్తాను.

క్రియకూ కర్మకూ మధ్య మాత్రం దూర్చొద్దు. “దే ట్రీటెడ్ షేమ్‌ఫుల్లీ ది ఓల్డ్ మ్యాన్” తెలుగు అలవాటు మీద వచ్చే తప్పు. “ముసలాయన్ని ఘోరంగా చూసిండ్రు” అన్నప్పుడు మనకు ఆ మాట మధ్యలోనే వస్తుంది కదా.

అపోహ: ఇది క్రియలతోనే వస్తుంది.

వాస్తవం: విశేషణం ముందు కూడా వస్తుంది. అప్పుడు ‘ఎంత’ అన్నదానికి కొలత అవుతుంది. ఏడాదంతా చేనులో కష్టపడ్డ మిర్చి రైతుకు దక్కిన ధర “షేమ్‌ఫుల్లీ లో”. చాలీచాలని సాయం “షేమ్‌ఫుల్లీ ఇనాడిక్వేట్”. పక్కన వచ్చే మాట సాధారణంగా తక్కువతనాన్నో లోటునో చెప్పేదై ఉండాలి. “షేమ్‌ఫుల్లీ బ్యూటిఫుల్” అంటే వినేవాడు ఒక్క క్షణం ఆగిపోతాడు. పరకాల నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి మొదటి రోజే “సర్, మై ఇంగ్లిష్ ఈజ్ షేమ్‌ఫుల్లీ పూర్” అంది. వ్యాకరణంలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

అపోహ: చెడ్డ మాట ఎప్పుడూ చెడే చెబుతుంది.

వాస్తవం: “టెరిబ్లీ సారీ”, “ఆఫుల్లీ నైస్” అంటారు. టెర్రర్ పోయింది, ‘చాలా’ అన్న అర్థం మిగిలింది. మన పిల్లలు “అరాచకం ఆడిండు”, “బీభత్సంగా ఉంది” అని మెచ్చుకోవడం లేదా? అలాంటిదే. ‘అవుట్‌రేజస్‌లీ’ సగం దారిలో ఉంది. అవుట్‌రేజస్‌లీ ఎక్స్‌పెన్సివ్ అంటే కోపం, అవుట్‌రేజస్‌లీ ఫన్నీ అంటే మెప్పు. (ఆ మాటలో ‘అవుట్’ లేదు, ‘రేజ్’ లేదు. ‘హద్దు దాటి’ అనే అర్థమున్న లాటిన్ ‘అల్ట్రా’ ఫ్రెంచి మీదుగా ఆ రూపంలో వచ్చింది. కోపం తర్వాత మనం అంటగట్టింది.) షేమ్‌ఫుల్లీ, డిస్‌గ్రేస్‌ఫుల్లీ మాత్రం ఇంకా అలా మెత్తబడలేదు. అందుకే సరదాకి వాడొద్దంటాను.

దారి తిరగబడిన మాట కూడా ఒకటుంది, ‘ఇగ్రీజస్‌లీ’. లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. మందలో నుంచి విడిగా, ఎత్తుగా కనపడేది ఇగ్రీజస్. 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు అది పొగడ్త. వెటకారంగా వాడగా వాడగా ‘ఘోరమైన’ అనే తిట్టుగా స్థిరపడిపోయిందంటారు. నమ్మడానికి కష్టమేమీ లేదు. “పెద్ద ఘనకార్యం చేసినవ్ తియ్” అని మనింట్లో అమ్మ అన్నప్పుడు ఘనతా లేదు, కార్యమూ లేదు. ‘నిర్వాకం’ కూడా మంచి కుటుంబం నుంచి వచ్చిన మాటే, పాపం.

అపోహ: ‘లీ’తో ముగిస్తే క్రియావిశేషణమే.

వాస్తవం: ‘కౌవర్డ్‌లీ’ (పిరికి), పేపర్లకు ఇష్టమైన ‘డాస్టర్డ్‌లీ’ (నీచమైన), రెండూ విశేషణాలు. “హీ అటాక్డ్ డాస్టర్డ్‌లీ” తప్పు, “ఎ డాస్టర్డ్‌లీ అటాక్” ఒప్పు. ఇక షేమ్‌ఫుల్లీ స్పెల్లింగ్‌లో రెండు ఎల్‌లు. ఒకటి ఫుల్‌ది, ఒకటి లీది.

అపోహ: కంప్లైంట్‌లో ఎంత గట్టి మాట పడితే అంత త్వరగా పని అవుతుంది.

వాస్తవం: ఒకాయన, నా దగ్గర సాయంత్రం బ్యాచ్‌కు వచ్చే చిన్న వ్యాపారి, ఒక ఆఫీసుకు రాసిన లెటర్ తెచ్చి దిద్దమన్నాడు. “యువర్ ఆఫీస్ హ్యాజ్ షేమ్‌ఫుల్లీ డిలేడ్ మై ఫైల్.” వ్యాకరణం శుభ్రంగా ఉంది. కానీ ఆ లెటర్ చదివే గుమస్తా తన మీద తీర్పు పడిందని ముందు ఉడుక్కుంటాడు, ఫైలు సంగతి తర్వాత. ఆ మాట పేపర్‌లో రాసే వ్యాసానికి, మైకు ముందు ఉపన్యాసానికి సరిపోతుంది. ఆయన ఒప్పుకోలేదు. “మరి నా కోపం ఏడబోవాలె సార్?” అన్నాడు. ఏ రోజు అప్లికేషన్ ఇచ్చారు, ఏ రోజు రమ్మన్నారు, ఏ రోజు మళ్లీ తిప్పి పంపారు అని అడిగి అవే రాయించాను. చివరికి ఆ లెటర్‌లో మిగిలింది మూడు తేదీలు, ఒక రసీదు నంబరు, మొదట్లో కామాతో సహా ఒక ‘రిగ్రెటబ్లీ’ (విచారకరమేమిటంటే).